స్థూలకాయ శస్త్రచికిత్స: అనంతర జీవితం, ఆహార నియమాలు

శరీర స్థౌల్యాన్ని గూర్చి తెలుగులో గల మాటలు ఆలోచింపదగినవి. 'ఒళ్ళు చేసింది' అన్నమాట మొన్నమొన్నటి వరకు మెచ్చుకోలుగా వినబడేది. 'ఏమిటిట్లా చిక్కిపోయావు?' అన్నది పరామర్శ. కరవును ఎరిగిన ప్రజల నోట పుట్టిన మాటలు కావున వాటిలో లావు కలిమికీ, సన్నదనం లేమికీ గుర్తులైనాయి. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్టపల్లెలలో ఈ మాటలు నేటికీ అదే అర్థంలో వాడుకలో ఉన్నాయి. కాని జబ్బుల తీరు మారినది. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం మొదలైనవాటిని స్థూలకాయం పెంచుతుందని వైద్యులు చెప్పుచున్నారు. పథ్యం, నడక, మందులు చాలనప్పుడు కడుపునే చిన్నది చేసే శస్త్రచికిత్సలు నేడు హైదరాబాదు, విజయవాడ నగరాలలో జరుగుతున్నాయి. వాటిని గూర్చిన ప్రకటనలకు కొదువ లేదు. చికిత్స పిమ్మట మనిషి ఏమి తినవలెను, ఎట్లా బ్రతుకవలెను అన్న విషయం మాత్రం మన భాషలో అరుదుగా కనబడుతుంది. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. ఈ వ్యాసం వ్రాయడానికి నాకు గల అర్హత, మా ఇంట జరిగిన ఒక పొరపాటులో నాకు గల భాగం మాత్రమే.

మేము ఆపా అని పిలిచే మా పెద్దక్క గరికపాడులో ఉంటుంది. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు అది. 2021 నాటికి ఆమె బరువు 108 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను దేహభార సూచిక అంటారు. ఆమెకది దాదాపు 45. అమెరికాలోని సర్జన్ల సంఘమూ, అంతర్జాతీయ సమాఖ్యా కలిసి 2022లో వెలువరించిన సూచనల ప్రకారం ఈ సంఖ్య 35 దాటినవారికి వేరే జబ్బులు లేకపోయినా ఈ చికిత్స చేయవచ్చును. ఆసియా ప్రజల విషయంలో 27.5 నుండియే ఆలోచింపవచ్చును. ఆపాకు మధుమేహం కూడా ఉన్నది. నగరంలో ఆపరేషను చక్కగా జరిగినది. నాలుగవ నాడు నడుచుకొంటూ ఇంటికి వచ్చినది. ఆసుపత్రివారు ఆరు పుటల కాగితాలు ఇచ్చారు. అన్నీ ఇంగ్లీషులో. బావగారు వాటిని బీరువాలో భద్రపరిచారు. మా కుటుంబంలో ఆ కాగితాలు చదువగలవాణ్ణి నేను. నేను చదువలేదు.

శరీరంలో జరిగిన మార్పేమిటో తెలిసినగాని నియమాల అర్థం బోధపడదు. చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చివేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. ఇందులో ముఖ్యంగా రెండు పద్ధతులు కలవు. మొదటిది స్లీవ్ పద్ధతి. జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయ వంటి సన్నని గొట్టంగా మిగులుస్తారు. ఆకలిని ప్రేరేపించే గ్రెలిన్ అనే హార్మోను అధికంగా పుట్టేది తీసివేసిన భాగంలోనే. కావున కడుపు చిన్నదగుటయే గాక, కొంతకాలం ఆకలి కూడా మందగిస్తుంది. రెండవది బైపాస్. జీర్ణాశయపు పైకొసన చిన్న సంచి వంటి భాగాన్ని వేరుచేసి, దానిని చిన్నప్రేగు నడిమి భాగానికి కలుపుతారు. తిన్నది కొంత ప్రేగును దాటుకొని పోతుంది. ఈ బైపాస్‌ను 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను తొలుత చేశాడు. అంతకు ముందు 1950లలో ప్రేగును మరీ ఎక్కువగా దాటించే పద్ధతి ఒకటి ఉండేది. రోగులు సన్నబడ్డారు గాని, పోషకాలందక, కాలేయం చెడి పలువురు బాధపడ్డారు. ఆ పద్ధతిని వైద్యులే మానుకొన్నారు. సరిగా ఎంచిన రోగికి ఇప్పటి పద్ధతుల వలన మేలు గట్టిదే. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద పరిశీలన ఫలితాలు 2007లో వెలువడినవి. వాటి ప్రకారం శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో మరణాలు, చేయించుకొననివారితో పోల్చగా సుమారు 29 శాతం తక్కువ.

ఇక మా ఇంటి సంగతి. మూడవ నెలలో ఆపాకు వాంతులు పట్టుకొన్నాయి. ఇంటికి చుట్టాలు వచ్చి ఉన్నారు. నిలబడి, తొందర తొందరగా, అన్నంలో ఎండిన కోడిమాంసపు ముక్కలు కలుపుకొని తిన్నది. ఛాతీలో పట్టినట్లయినది. ఆనాటి నుండి ఏమి తిన్నా వెళ్ళిపోయేది. 'కడుపు కోయించుకొన్నవాళ్ళకు వాంతులు మామూలే' అన్నారు అందరూ. నేనూ ఫోనులో అదేమాట అన్నాను. పదిరోజులు గడిచినవి. ఊరిలో గ్లూకోజు సీసా ఒకటి ఎక్కించారు. మరునాటికి కాళ్ళు తిమ్మిరి, నడకలో తూలు, చూపు రెండుగా కనబడడం. విజయవాడకు తీసుకుపోగా, అక్కడి డాక్టరమ్మ మొదటగా సూదిమందు ద్వారా థయమిన్, అనగా బి1 విటమిను ఎక్కించినది. మిగిలినవన్నీ ఆ తరువాతనే. చూపు కొద్దిరోజులలో చక్కబడినది. కాళ్ళ తిమ్మిరి పోవడానికి నెలలు పట్టినది, కొంత నేటికీ ఉన్నది.

ఆనాటి రాత్రి ఆసుపత్రి వసారాలో కూర్చుండి ఆ ఆరు పుటలు చదివాను. మూడవ పుటలో ఉన్నది: వాంతులు రెండు మూడు రోజులకు మించితే వెంటనే రావలెను, థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కించరాదు అని. మన శరీరంలో థయమిన్ నిలువ రెండు మూడు వారాలకు మించి రాదు. ఉన్న కొద్దిపాటి థయమిన్‌ను గ్లూకోజు త్వరత్వరగా ఖర్చు చేయిస్తుంది, దెబ్బ మెదడుకు, నరాలకు తగులుతుంది.

ఈ వ్యాధి తెలుగుదేశానికి క్రొత్తది కాదన్న సంగతి తరువాత తెలిసి ఆశ్చర్యపడ్డాను. థయమిన్ లోపం వలన వచ్చే బెరిబెరి ఒకప్పుడు భారతదేశంలో ముఖ్యంగా మన సర్కారు జిల్లాల వ్యాధి. పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా పట్టించి తినడం వలన తవుడుతో పాటు థయమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలవారికి ఆ ముప్పు తక్కువ. ధాన్యాన్ని ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ గింజలోనికి దిగుతుంది గదా. ఈ వ్యాధిని పరిశోధించడానికే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అనే వైద్యుని ఆధ్వర్యంలో చిన్న ప్రయోగశాల ఏర్పడినది. అదియే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందినది. మన తాతల కాళ్ళను పట్టిన జబ్బు, ఇంటినిండా అన్నం ఉన్న కాలంలో, మరొక ద్వారం గుండా మా అక్క కాళ్ళకు వచ్చినది.

బి12, ఫోలిక్ ఆమ్లం, ఇనుము, కాల్షియం, డి విటమిను కూడా ఇట్లే కొరవడవచ్చును. బి12 రక్తంలో చేరవలెనంటే జీర్ణాశయం స్రవించే ఒక పదార్థం కావలెను. ఆ జీర్ణాశయమే కొంత పోయినది, లేదా దారి తప్పినది. పైగా బి12 నిలువ సంవత్సరాల తరబడి ఉంటుంది గనుక లోపం వెంటనే తెలియదు. ఒక ఏడాది బాగున్నాను గదా అని మాత్రలు మానినవారు మూడవ ఏటనో నాలుగవ ఏటనో రక్తహీనతతో వస్తారు. ప్రేగు పోషకాలను పీల్చకపోతే ఏమవుతుందో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి స్వానుభవం. ఆయన సోదరుడు స్ప్రూ అనే ప్రేగుల వ్యాధితో మరణించాడు, ఆయననూ ఆ వ్యాధి పీడించినది. ఆ సుబ్బారావుగారు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. ఆపా ఉదయం మ్రింగే మాత్రలో అదీ ఉన్నది. ఈ మాత్రలు జబ్బుకు వాడే మందులు కావు, పోయిన అవయవానికి బదులుగా జీవితాంతం పెట్టవలసిన తిండి అని ఇంటివారికి నచ్చజెప్పడానికి నాకు చాలాకాలం పట్టినది.

ఇక భోజన విధానం. ఆసుపత్రి కాగితంలో బ్రకోలీ, ఓట్స్, టోఫూ అని ఉన్నది. గరికపాడు సంతలో అవి దొరకవు. డాక్టరమ్మను అడిగి, ఒక్కొక్క మాటకు మన వంటింటి మాట వేసి వ్రాసుకొన్నాను. మొదటి ఒకటి రెండు రోజులు కొబ్బరినీళ్ళు, వడకట్టిన పప్పుకట్టు, జిడ్డు తీసి వడకట్టిన యఖ్నీ, అదియును గుటక గుటకగా. తరువాత రెండు వారాల వరకు పలుచని మజ్జిగ, వెన్న తీసిన పాలు, పప్పుతేట. అటు పిమ్మట మెత్తగా మెదిపిన పెసరపప్పు, మెత్తని గుడ్డు, పెరుగు. ఆరు వారాలు దాటిన తరువాత ముల్లు తీసిన చేప, బాగా ఉడికిన కూరలు, పప్పులో నానవేసిన జొన్నరొట్టె. మామూలు భోజనం రెండు నెలల తరువాతి మాట. ఒక్కొక్క ఆసుపత్రి లెక్క కొద్దిగా మారవచ్చును, ఎవరి వైద్యుని మాట వారికి ప్రమాణం.

దినానికి 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు కావలెను. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల వండని కందిపప్పులో 22 గ్రాములకు అటుఇటుగా ఉంటాయి. గిన్నెడు మాత్రమే పట్టే కడుపులో అన్నం ముందు నిండితే పప్పుకు చోటుండదు. సాగర్ ఎడమకాలువ నీరు వచ్చిన తరువాత మా మెట్టలో కూడా వరి విస్తరించి, జొన్నకూడు వెనుకబడి, విస్తరి నడుమ అన్నమే రాజైనది. కూరలన్నీ దాని పరివారం. ఆపా కంచంలో ఈ వరుస తారుమారైనది. గుడ్డు లేక చేప, పిదప పప్పు, కూర, చివర నాలుగు మెతుకులు. ఒక్కొక్క ముద్ద ఇరవై సార్లకు పైగా నమలవలెను. భోజనానికి అరగంట పట్టవలెను. తింటూ నీళ్ళు త్రాగరాదు. తిన్న అరగంటకు త్రాగవలెను. రోజుకు లీటరున్నర తగ్గరాదు. మిరపకోతల కాలంలో చేనికి పోతే సీసా వెంట ఉండవలసినదే.

తీపి విషయంలో బైపాస్ చేయించుకొన్నవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. పంచదార ఒక్కసారిగా చిన్నప్రేగులో పడితే గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం కలుగుతాయి. పండుగనాటి షీర్ ఖుర్మా రెండు చెంచాలకు మించితే మంచాన పడినవారున్నారు. మరొకటి, మన పల్లెలలో మోకాళ్ళ నొప్పికి, ఒళ్ళునొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకొనే నొప్పిబిళ్ళలు. వీటిలో పెక్కు రకాలు కోసి కుట్టిన కడుపులో పుండు పుట్టిస్తాయి. వైద్యుణ్ణి అడుగకుండా వేసుకొనరాదు. మూడవ నెల మొదలు ఆరవ నెల వరకు జుట్టు రాలడం చాలామందికి జరుగుతుంది, తిండి సరిగా ఉంటే తిరిగి వస్తుంది. పడుచువారు ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూచుకొనవలెను.

రంజాన్ ఉపవాసాలను గూర్చి విద్యార్థులు నన్ను తరచుగా అడుగుతారు. మొదటి ఏడాది, ఏడాదిన్నర లోపల ఉపవాసం ఉండవద్దనియే సామాన్యంగా వైద్యుల సలహా. నీరు గుటక గుటకగా మాత్రమే పట్టే కడుపు, పగలంతటి దాహాన్ని ఇఫ్తార్ నుండి సహర్ వరకు గల కొద్ది గంటలలో తీర్చుకొనలేదు. వ్యాధిగ్రస్తునికి ధర్మంలో మినహాయింపు స్పష్టంగానే ఉన్నది, తప్పిన దినాలను తరువాత తీర్చుకొనవచ్చును. అయినను ఆపా మొదటి సంవత్సరం చాటుగా రెండు రోజాలు పాటించినది. మూడవనాడు బావగారు కనిపెట్టి ఆపారు. ఆమె ఏడ్చినది. సహర్‌కు లేచి పిల్లలకు వడ్డిస్తూ, తాను మాత్రం తెల్లవారిన తరువాత వంటింట ఒంటరిగా గుడ్డు తినడం ఎంత కష్టమో ఆ ఇంట ఉన్నవారికి తెలియును. ఇప్పుడు వైద్యుని అనుమతితో చలికాలపు చిన్న పగళ్ళలో కొన్ని తీర్చుకొంటున్నది.

అన్నిటికంటే కఠినమైనది విందు. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద, మారు వడ్డన వద్దంటే వడ్డించినవారికి చిన్నతనం. మా కృష్ణా జిల్లాలో 'ఎంగిలిపడ్డారా?' అని అడుగుతారు, భోజనమైనదా అన్న అర్థంలో. ఆపా నిజంగా ఎంగిలిపడుతుంది, అంతే. దావత్‌లో నాలుగు ముద్దలకే లేస్తే, వంట బాగులేదా అని ఒకరు, పెద్దజబ్బేమో అని మరొకరు. ఏడాదిన్నరలో 71 కిలోలకు దిగిన మనిషిని చూచి ఒక ముసలామె 'అయ్యో, ఎంత చిక్కిపోయావు తల్లీ' అని కన్నీరు పెట్టుకొన్నది. తరువాత బరువు కొద్దిగా పెరిగి 75 అయితే, అదే ఊరు 'అన్ని లక్షలు పోసి ఏమి లాభం?' అన్నది. రెండవ సంవత్సరం తరువాత కొంత బరువు తిరిగి రావడం సాధారణం. పంచదార పానీయాలు, రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉండడం, ఐస్‌క్రీం వంటి మెత్తని తీపి, వీటికి చిన్నకడుపు అడ్డు రాదు. మధుమేహపు మందులు ఆపాకు రెండు నుండి ఒకటికి తగ్గినవి, పూర్తిగా పోలేదు. పొట్టమీది చర్మం వ్రేలాడుతుంది. ఆమె దానిని గూర్చి నాతో మాట్లాడదు, మా మరదలితో మాట్లాడుతుంది.

నేను తెలుగులో వ్రాసిన ప్రతిని ఆపా వంటింటి గోడకు అంటించినది. మా మేనల్లుడు దానికి ఉర్దూలో మరొక ప్రతి వ్రాశాడు, వాళ్ళ నానీ చదువుకొనేందుకు. నూనె మరకలు పడి ఇప్పటికి రెండుసార్లు మార్చవలసి వచ్చినది. అడుగున ఏటేటా చేయించవలసిన రక్తపరీక్షలకు గీతలు గీసి ఉన్నాయి: రక్తశాతం, బి12, డి విటమిను, కాల్షియం, ఇనుము. ఈ సంవత్సరపు గడి ఇంకా ఖాళీగా ఉన్నది. మిరప అమ్మకం కాగానే విజయవాడ పోదామని బావగారు అన్నారు. పత్రిక అచ్చయ్యేలోగా పోయి రావలెనని నేను పట్టుబడుతున్నాను.