సెలవుల్లో ఎక్కడికి? తప్పు పట్టండి!



ఈ నెల సాంఘిక శాస్త్రం ఇంటిపనికి రాష్ట్ర పటం, పది నిమిషాల సమయం చాలు. పాములపాడు నుంచి బయలుదేరే ఈ మూడు యాత్రల గురించి పిల్లలకు చదివి వినిపించండి. ఏది కుదరదో, ఎందుకో వాళ్లనే చెప్పమనండి.

1. నంద్యాల బీచ్‌లో సూర్యోదయం చూడండి.
2. సంగమేశ్వరం గుడికి ఆక్సిజన్ సిలిండర్‌తో వెళ్లండి.
3. పోతిరెడ్డిపాడు దగ్గర కృష్ణా నీళ్లలో కాగితం పడవ వదిలి, పెన్నా మీది సోమశిలలో అందుకోండి.

జవాబులు: మొదటిది వట్టి కోత. మన జిల్లాకు సముద్రతీరమే లేదు. రెండోది సగం నిజం. శ్రీశైలం జలాశయం నిండితే గుడి మునుగుతుంది, వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది. మూడోది అసాధ్యంలా కనిపించే నిజం. బనకచర్ల, వెలుగోడు మీదుగా తెలుగుగంగ కృష్ణా నీటిని సోమశిలకు చేరుస్తుంది. పడవ మాత్రం మొదటి గేటు దగ్గరే మునుగుతుంది!

చివరగా ఒక పని: శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్ల పేర్లు అవ్వాతాతలను అడిగి రాయించండి. పటంలో అక్కడ ఇప్పుడు నీలం రంగే ఉంది. ఆ పేర్లు వాళ్లకే గుర్తున్నాయి.