కల్లంలో పడుకున్న మనిషిని ఎవరెత్తుకెళ్లారు?

ముందు ఆ టీ తాగమ్మా, చల్లారిపోతోంది. ఇప్పుడు చెప్పు. మీ ఆయన మిర్చి కల్లంలో కాపలా పడుకుంటే తెల్లవారుజామున ఎవరో గుండెల మీదెక్కి కూర్చున్నారు, కాలూ చెయ్యీ ఆడలేదు, నోరు పెగల్లేదు, మంచంతో సహా పైకి లేపేసినట్టయింది. ఇదేగా? అత్తగారు దెయ్యమంది. ఫోన్లో వీడియోలు చూసే మరిది, గ్రహాంతరవాసులే ఎత్తుకెళ్లి దింపారన్నాడు. మధ్యలో నీకు కంటి మీద కునుకు లేదు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటి మాట వినని ఇల్లుందా చెప్పు? మనం పైకి చెప్పుకోం, అంతే.

మీ ఆయన అబద్ధమాడటం లేదు. ముందు అది మనసులో పెట్టుకో. కలలొచ్చే నిద్రలో మెదడు మన ఒంటిని కదలనివ్వదు. లేకపోతే కలలో పరిగెడుతూ మంచం మీంచి పడిపోమూ? ఒక్కోసారి మనసు ముందే మేలుకుంటుంది, కళ్లు తెరుచుకుంటాయి, ఒళ్లు మాత్రం ఇంకా స్వాధీనంలోకి రాదు. కల కూడా పూర్తిగా విడిచిపెట్టదు. అందుకే పక్కన ఎవరో నిలబడ్డట్టు, గుండె మీద బరువు పెట్టినట్టు, గాల్లో తేలినట్టు ఉంటుంది. కొన్ని సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో. డాక్టర్లు దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. నూటికి ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. నిద్ర వేళలు తప్పినా, దిగులున్నా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువ. ఇక కల్లం సంగతి నీకు నేను చెప్పాలా? పగలంతా కాయ తిరగేసి, చీకటి పడేవేళ పట్టలు కప్పి, ఘాటుకు దగ్గుతూ, దొంగల భయంతో గంటకోసారి టార్చి వేస్తూ పడుకునే మనిషికి ఏం నిద్ర పడుతుందమ్మా? పైగా యార్డులో ధర ఎలా ఉంటుందోనన్న బెంగొకటి.

మరి గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్లారని అమెరికాలో అంతమంది ఎందుకు చెబుతున్నారంటావా? బెట్టీ, బార్నీ హిల్ అనే దంపతుల సంగతి విను. ఆయన పోస్టాఫీసు ఉద్యోగి, ఆవిడ సంఘసేవకురాలు. పరువు గల మనుషులు. 1961 సెప్టెంబరు 19 రాత్రి న్యూహాంప్‌షైర్ కొండదారిలో కారులో వస్తుంటే ఆకాశంలో ఓ వెలుగు వెంటపడినట్టనిపించింది. ఇంటికి చేరేసరికి అనుకున్నదానికంటే ఆలస్యమైంది. కొన్నాళ్లకు బెట్టీకి వరసగా పీడకలలు. తనను ఏదో వాహనంలోకి తీసుకెళ్లి పరీక్షించినట్టు. వాటిని రాసిపెట్టుకుంది, నలుగురితో చెప్పింది. 1964లో బోస్టన్ మానసిక వైద్యుడు బెంజమిన్ సైమన్ హిప్నాసిస్ చేస్తే ఇద్దరూ తమను ఎత్తుకెళ్లిన కథ చెప్పారు. ఆ చికిత్స చేసిన డాక్టరే ఏమని తేల్చాడో తెలుసా? బెట్టీ కలలే బార్నీ మాటల్లోకి చేరాయన్నాడు. ఆ తర్వాత వాళ్ల మీద పుస్తకమొచ్చింది, 1975లో టీవీ సినిమా వచ్చింది. అలాంటి కథలు పెరుగుతూ పోయాయి.

ఆ మంచివాళ్లను అబద్ధాలకోరులనడానికి నాకు నోరు రాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మెక్‌నాలీ, సుసాన్ క్లాన్సీ వాళ్లు, తమను ఎత్తుకెళ్లారని నమ్మేవారికి వాళ్లు చెప్పిన సంగతులే టేపులో వినిపించారు. గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి, నిజంగా ఘోరం చూసినవాళ్లకు పట్టినట్టే. 2004లో ఈ పరిశోధన అచ్చయింది. భయం నూటికి నూరుపాళ్లూ నిజమే. భయం నిజమైనంత మాత్రాన కథ నిజమైపోదు. మనమీ రెండింటినీ, కల్లంలో తాలుకాయను ఎర్రకాయ నుంచి ఏరినట్టు, వేరుచేసుకోవాలి.

ఎలా అంటావా? ఆయన్ను మరిది ముందు కూర్చోబెట్టకు. "కళ్లు పెద్దగా ఉన్నాయా? తల గుండ్రంగా ఉందా?" అని అడిగారో, మనమే కథ అందించినట్టు. "ఆ తర్వాతేమైంది?" అని మాత్రం అడుగు. వీడియోలు చూడకముందే ఆయన మాటల్లోనే ఓ కాగితం మీద రాసిపెట్టు. ఏ వేళప్పుడు, ఎటు తిరిగి పడుకున్నాడు, పక్క కల్లం వాళ్లకేమైనా కనబడిందా. ఎవరైనా హిప్నాసిస్ చేసి జ్ఞాపకాలు బయటికి లాగుతామంటే వద్దను. లేనివి కూడా ఉన్నట్టు గుర్తుకొస్తాయలా.

చేతికి అందే వస్తువేదైనా ఉందంటే పని తేలిక. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఓ పొలంలో పెద్ద గుండ్రటి వస్తువు దిగింది. గ్రహాంతరవాసులొచ్చారేమోనని ఊరూరా చెప్పుకున్నారు. తీరా అది హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి ఎగిరింది. మనుషుల్ని బెలూన్లో పైకి తీసుకెళ్లాలనుకున్న హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ పరీక్ష. 2017లో విశాఖలో కడుతున్న భవనంలో కనబడ్డ వింత జీవులు గుడ్లగూబ పిల్లలు. దగ్గరికెళ్లి చూసినవాళ్లుంటేనే ఇవి తేలాయి. అందుకే ఎవరేం చెప్పినా "ఇంకెవరు చూశారు? ఎక్కడ పడింది?" అని అడగటానికి మనం మొహమాటపడకూడదు.

ఆయన్ను ప్రక్కకు తిరిగి పడుకోమను, కాపలా వంతులు వేసుకోమను. మళ్లీ వస్తే గింజుకోకుండా ఒక్క వేలు కదపడానికి చూడమను, విడిపోతుంది. వారం వారం వస్తున్నా, పగటిపూట కూడా కళ్లు మూతలు పడుతున్నా తాయెత్తుల కోసం తిరగొద్దు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో (జీజీహెచ్) న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లు. ఆ కాగితం కూడా పట్టుకెళ్లు. "నిద్రలో మెలకువొస్తోంది, ఒళ్లు కదలటం లేదు" అని చెబితే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు.