మెడ వంపును తెలుపు పరికరము – దాని హద్దు

2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్కగాజులకు చార్మినార్ చెంతనున్న లాడ్‌బజారు పేరుగాంచినది. వానిపై రాళ్లు పొదుగువారు గంటల తరబడి తల వంచియే కూర్చుందురు. ఇండ్లలో సెల్‌ఫోను చూచువారి భంగిమయు అదియే. సుమారు 5 కిలోల బరువుగల తల ముందుకు వంగినకొలది మెడ వెనుక కండరములపై భారము పెరుగును.

వీపునకు అంటించుకొను, లేదా మెడలో ధరించు చిన్న పరికరములు నేడు లభించుచున్నవి. వానిలోని యాక్సిలరోమీటరు భూమ్యాకర్షణను బట్టి వంపును కొలుచును. హద్దు దాటినచో పరికరము కంపించి హెచ్చరించును. అయితే అది వంపును ఎరుగునే గాని నొప్పిని, అలసటను ఎరుగదు. కదలక నిటారుగా గంటలు కూర్చుండుటయు శరీరమునకు శ్రమయే.

కావున ఏ పనిలో, ఏ వేళ వంగుచున్నారో కొన్ని దినములు దానితో గమనింపుడు. పిమ్మట చేయు వస్తువును కంటి ఎత్తునకు చేర్చుకొనుడు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయుడు. వాగ్భటుడు అష్టాంగహృదయమున నిత్యాభ్యంగమును విధించెను. స్నానమునకు ముందు గోరువెచ్చని నువ్వులనూనెను మెడకు, వీపునకు మృదువుగా మర్దించుకొనుడు. కఫము, అజీర్ణము ఉన్ననాడు వలదనియు ఆయనయే చెప్పెను. మెడను పటుక్కున తిప్పించుకొనరాదు.

చేతులు తిమ్మిరెక్కి పట్టు సడలినను, నడక తడబడినను, మలమూత్రములు అదుపు తప్పినను పరికరమును, తైలమును నమ్మి కాలము గడపక వెంటనే వైద్యుని చూడవలెను.