మనుమని చదువుబల్లకు దీపము

గుంటూరు, అరండల్‌పేట

చి. సౌ. అమ్మాయికి బాబాయి ఆశీర్వదించి వ్రాయునది.

ఆఱవ తరగతికి వచ్చిన మా మనుమని చదువుబల్లపై ఏ దీపమునుంచవలెనో తోచకున్నదనియు, అంగడిలో చూచిన ప్రతి అట్టపెట్టెపైనను “కంటికి మేలు” అనియే వ్రాసియున్నదనియు నీవు ఒంగోలునుండి వ్రాసిన జాబు చేరినది. అమ్మాయీ, ఆ మాటను చూచి కొనకుము. దీపమును వెలిగింపించి, దాని వెలుగు ఎచ్చట పడుచున్నదో, ఎట్టిదో నీ కంటితో పరీక్షించి కొనుము.

మా చిన్ననాడు మీ నాయనమ్మ కిరసనాయిలు బుడ్డిని గోడగూటిలో నుంచి, అది మా యెడమవైపున ఉండునట్లు మమ్ములను కూర్చుండబెట్టెడిది. వ్రాయు చేతినీడ అక్షరముపై పడరాదని ఆమెకు ఏ శాస్త్రమును చెప్పియుండలేదు. మనుమడు ఎడమచేతివాటము వాడు గనుక నీవు దీపమును కుడివైపున నుంచవలెను. దాని మెడ వంగునదై, వెలుగుగింజలు నేరుగా కానరాకుండ పాలగాజువంటి మూతయుండి, ఆ మూత అంచు కూర్చున్న పిల్లవాని కంటిమట్టమునకు మించకుండవలెను. దూరము రెట్టింపైనచో వెలుగు ఇంచుమించు నాల్గవవంతగును; కావున వాట్లకంటె అమరిక ముఖ్యము. పుస్తకముపై 300 మొదలు 500 లక్సుల వెలుగు చదువునకు చాలును.

ఇక వెలుగు గుణము. మిర్చి యార్డులో కొనువాడు కాయను పగటివెలుగున చూచిగాని ధర పలుకడు గదా! నీవును నాలుగు ఎండుమిరపకాయలును, ఒక ప్రత్తిపింజయు సంచిలో వేసికొని అంగడికి పొమ్ము. ఏలయన, నేటి తెల్లని దీపములకు మూలము నీలికాంతి ఎల్.ఇ.డి.; దానిని సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. ఆ నీలికాంతిపై పసుపుపూత పూసి తెలుపును పుట్టింతురు. పూత నాసిరకమైనచో ఎఱుపు కొఱవడును. అట్టి దీపము క్రింద మిరపకాయ మట్టిరంగుగా తోచును. పింజ నీలముగా తోచిన దీపమును విడిచి, 4000 కెల్విన్ ప్రాంతపుదానిని కోరుము; రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపుటకు కొలతయైన సి.ఆర్.ఐ. అనునది 80కి తగ్గరాదు, 90 ఉత్తమము. పిదప పెన్సిలును దీపము క్రింద వేగముగా ఆడించి చూడుము; అది ముక్కలుముక్కలుగా కనబడినచో ఆ దీపము కన్ను గుర్తింపని వేగముతో మినుకుచున్నదన్నమాట. అట్టిది తలనొప్పికి హేతువు కాగలదు.

నిరుడు నేనే పొరపడి, మిఱుమిట్లు గొలుపు దీపమునొకదానిని తెచ్చి, గదిలోని తక్కిన దీపములార్పించి మీ తమ్మునిచే చదివించితిని. వెలుగు పుస్తకముపైనను, చీకటి చుట్టును ఉండుటచే వానికి సాయంకాలమెల్ల కన్నులు మండెను. నా తొందరచే పసివాడు బాధపడెనే అను చింత నన్నింకను వీడలేదు. గదిదీపమును ఆర్పనీయకుము.

కడపటి మాట: ఏ దీపమును హ్రస్వదృష్టిని ఆపజాలదు. దినమునకు రెండు గంటలు ఆరుబయట గడపు పిల్లలకు ఆ దోషము తక్కువగా వచ్చునని వైద్యుల పరిశోధనలు తెలుపుచున్నవి. ఏటేట కన్నులు పరీక్ష చేయింపుము. మాఘమాసమున ఒక ఆదివారము వానిని మన యూరి కల్లమునకు తీసికొని రమ్ము. పగటివెలుగున పఱచిన కాయల ఎఱుపును కన్నులార చూచినవాడు, ఏ దీపము మంచిదో నీకు తానే చెప్పగలడు.

ఇట్లు,
మీ మేలు కోరు బాబాయి