తరగతి గదిలోకి మౌలాలి గుట్ట

వీఆర్ కళ్లద్దాలకు డబ్బివ్వాలా, పిల్లల్ని గుట్టకు తీసుకెళ్లే బస్సుకా అని దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ పిల్లలకు పాఠాలు చెప్పే మా లెక్కలో రెండూ కావాలి. ముందు కళ్లద్దాలు, ఆ తర్వాత బస్సు.

మన చుట్టూ రాళ్లకు కొదవ లేదు. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ శిక్షణ కేంద్రం పక్కనే బండ్లగూడలో ఉంది. అయినా మన పిల్లలు శిలల పాఠాన్ని బట్టీపట్టే పరీక్ష రాస్తారు. ఎదిగిన ఆడపిల్లల్ని గుట్టలెక్కించడానికి కొందరు తల్లిదండ్రులు జంకుతారు. కాలు సరిగా లేని పిల్లవాడు ఎలాగూ ఎక్కలేడు.

అందుకని మౌలాలి గుట్ట దగ్గర 360 డిగ్రీల కెమెరాతో ఫొటోలు తీసుకుని వస్తాం. రాతి పక్కన స్కేలు పెట్టి తీయాలి, లేకపోతే పగులు బెత్తెడో బారెడో తెలియదు. చూడడానికి పాత స్మార్ట్‌ఫోను, అట్ట కళ్లద్దం చాలు. ఈ అట్ట కళ్లద్దాన్ని గూగుల్ 2014లో తెచ్చింది. దానితో వాడే ఎక్స్‌పెడిషన్స్ యాప్‌ను 2021లో ఆపేసింది. ఫొటోలు మనవై ఉండాలని మేము పట్టుబట్టేది అందుకే.

చూపించే ముందే ప్రశ్న వేయాలి: "ఈ గుండ్లను ఒకదానిమీద ఒకటి ఎవరు పేర్చారు?" రాక్షసులని ఒకరు, జేసీబీ అని ఒకరు అంటారు. నిజానికి ఎవరూ పేర్చలేదు. గ్రానైట్‌లో నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు ఉంటాయి. వాటిలోకి నీరు దిగుతుంది. మూలకు మూడు వైపుల నుంచి తడి తగులుతుంది, చదునైన ముఖానికి ఒక్క వైపు నుంచే. కాబట్టి మూలలే ముందు పొడవుతాయి. ఆ మట్టి వానకు కొట్టుకుపోతే గుండ్రని బండలు ఉన్నచోటే మిగులుతాయి. పిల్లలు ఆ పగుళ్లను తలతిప్పి వెతికి నోటుబుక్కులో గీస్తారు. కూర్చోబెట్టి, ఐదు నిమిషాలకు మించి చూపించం. కొందరికి కళ్లు తిరుగుతాయి.

కళ్లద్దంలో రాతి బరువు తెలియదు. బల్లమీద గ్రానైట్ ముక్క, భూతద్దం ఉండాలి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులాంటి పలుగు, మెరిసే అభ్రకం అందులోనే దొరుకుతాయి. పక్కన తాండూరు బండ ముక్క. గీరిన పొడిమీద నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వస్తాయి, అది సున్నపురాయి కనుక. గ్రానైట్ ఉలకదు, పలకదు. కూతురు ఇంటి నేలంతా నిమ్మకాయతో పరీక్షించి మరకలు చేసిందని ఒక తల్లి మాతో గొడవపడింది. మాకు మాత్రం సంతోషమే!

ఆ తర్వాత బస్సు. గుట్ట ఎక్కలేని పిల్లవాడు కింద నిలబడే, పగుళ్లు ఎటు పోతున్నాయో తోటివాళ్లకు చేయి చూపి చెప్పాడు. ఈ ఏడాది మేము అడిగేది ఒక కెమెరా, పది భూతద్దాలు, ఒక రోజు బస్సు కిరాయి.