ముందు బెజ్జం సంగతి చూడు

జమ్మలమడుగు

చిరంజీవి బుజ్జమ్మకు మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన హెల్మెట్ బొమ్మలు అందినాయి. గండికోట సాహస క్రీడల అకాడమీలో బండలెక్కే పిల్లల కోసం, లోపలి థర్మోకోల్ పొర బదులు నూనె సంచులు పెట్టాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. పెన్నా లోయ అంచున ఉండే ఎర్రటి క్వార్ట్‌జైట్ పగుళ్ల వెంబడి దిమ్మెలుగా విడిపోతుంది. పైనవాడు కాలు మోపిన చోట ఊడిన రాయి కింద తాడు పట్టుకున్నవాడి నెత్తి మీదికే వస్తుంది. అక్కరకొచ్చే పనే పట్టుకున్నావు.

అయితే ఏ నూనె పోయాలన్నదానికి పేజీలు రాసి, నూనె బయటికి పోయే బెజ్జానికి బొమ్మలో ఒక్క చుక్క పెట్టి వదిలేశావు. దెబ్బను మింగేది నూనె కాదమ్మా, నూనెను ఇరుకు దారిలో తోయడానికి పట్టే కష్టం.

లెక్క వేసి చూడు. పర్వతారోహణ హెల్మెట్లకు యూరప్‌లో ఈఎన్ 12492 అనే ప్రమాణం ఉంది. 5 కిలోల గుండును 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే తలకు చేరే బలం 10 కిలోన్యూటన్లు దాటకూడదు. ఆ గుండు శక్తి దాదాపు 98 జౌళ్లు. మొదటి నుంచి చివరిదాకా అదే 10 కిలోన్యూటన్లతో ఆపగలిగితే సుమారు 1 సెంటీమీటరు నలిగితే చాలు. స్ప్రింగులాగా నలిగేకొద్దీ బలం పెరిగే వస్తువైతే 2 సెంటీమీటర్లు కావాలి. నెత్తిన మోసేవాళ్లకు ఆ తేడా తక్కువేమీ కాదు. ద్రవం మీద ఆశంతా ఇక్కడే.

ఆ ఆశ ఊరికే తీరదు. సూది తీసేసిన సిరంజిలో నీళ్లు నింపి ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి చూడు. బెజ్జంలో వేగం రెట్టింపైతే ఎదురొచ్చే బలం నాలుగింతలవుతుంది. అంటే ఒకే బెజ్జం పెడితే దెబ్బ మొదట్లో తలకు గట్టిగా తగులుతుంది, రాయి నెమ్మదించాక సంచి చేతులెత్తేస్తుంది. అందుకని సంచి అణిగేకొద్దీ బెజ్జాలు ఒక్కొక్కటే మూసుకుపోవాలి. నువ్వు అనుకున్నదానికన్నా వేగంగా రాయి పడితే నూనె కూడా రాయిలాగే నిలుస్తుంది కాబట్టి, ఒత్తిడి మీరినప్పుడు తెరుచుకునే వాల్వు ఒకటి తప్పనిసరి.

ఇక మన ఎండలు. నూనెను సన్నటి పొడవు గొట్టంలో పోనిస్తే బలం దాని చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం బండ మీద పెట్టిన హెల్మెట్‌లో నూనె నీళ్లలా పల్చబడితే నీ లెక్కంతా తప్పుతుంది. పల్చటి పలకలో పదునైన అంచుతో బెజ్జం తొలిస్తే బలం ముఖ్యంగా సాంద్రతను బట్టి ఉంటుంది, అది వేడికి పెద్దగా మారదు. మినరల్ ఆయిల్ 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 3 శాతం ఉబ్బుతుంది. సంచిని అంచులదాకా నింపితే అతుకులు విడిపోతాయి, కాస్త చోటు వదులు.

స్టాన్‌ఫోర్డ్‌లో డేవిడ్ కమరిల్లో బృందం అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్లలో ద్రవ సంచుల మీద పని చేసింది, ఆ పరిశోధనలు చదువు. కానీ ఆ ఆటలో దెబ్బ మీద దెబ్బ పడుతుంది, ప్రతిసారీ సంచి మళ్లీ నిండాలి. బండ ఎక్కేచోట పెద్ద రాయి ఒక్కసారి పడితే ఆ హెల్మెట్ పారేయాల్సిందే, దానికి థర్మోకోల్ కూడా బాగానే పనికొస్తుంది. నన్నడిగితే నీ సంచులకు అసలు అవసరం ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో ఉంది. అక్కడివాళ్లకు ఒకే టోపీ మీద చిన్న చిన్న దెబ్బలు మళ్లీ మళ్లీ తగులుతాయి. గండికోటకు మాత్రం నడినెత్తిన సంచులు, చుట్టూ థర్మోకోల్ పెట్టు. పైచిప్ప మాత్రం పల్చన చేయొద్దు. మొనదేలిన రాయి దాన్ని చీల్చితే సంచి కూడా చిరుగుతుంది.

నమూనా తయారయ్యాక ఏ స్నేహితుడి తలకూ పెట్టి చూడొద్దు. బొమ్మ తలకు యాక్సిలరోమీటర్ కట్టు, ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి, ఎండలో పెట్టి ఒకసారి గుండు వదులు. రెండు గ్రాఫులూ నాకు పంపు, బెజ్జాల సైజు వాటిని చూశాకే ఖాయం చేద్దాం.

ఇట్లు,
మీ మామ