రెండు సూదులు, ఒకే దారం: ఊలు అల్లిక పాఠం

నగరిలోనూ ఏకాంబరకుప్పంలోనూ మరమగ్గాల చప్పుడు వింటూ నిద్రపోయే అలవాటున్న పిల్లలు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. పడుగు అంటే ఏమిటి, పేక అంటే ఏమిటి, కండె అయిపోతే మగ్గం ఎందుకు ఆపాలి అని అడిగితే మాకంటే వాళ్లే బాగా చెబుతారు. అదే పిల్లలను "నీ ఒంటి మీది బనియన్ ఏ మగ్గం మీద నేశారు?" అని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. బనియన్‌ను ఏ మగ్గం మీదా నేయలేదు. అది అల్లిన గుడ్డ. నేతకూ అల్లికకూ తేడా ఏమిటో, రెండు సూదులతో ఊలు ఎలా అల్లుతారో ఈ వార్షికోత్సవ సంచికలో మీకు చెప్పాలని నా ప్రయత్నం. నేను సాయంత్రం పూట మీకు లెక్కలు చెప్పే ట్యూటరును. అల్లిక నా హాబీ. లెక్కలకూ అల్లికకూ సంబంధం ఏమిటని నవ్వకండి, నాలుగు పేరాలు ఆగితే మీకే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక పాత లుంగీ ముక్క, ఒక పాత బనియన్ ముక్క తీసుకోండి. లుంగీని నిలువుగా లాగండి, అడ్డంగా లాగండి. దాదాపు సాగదు. మూలకు మూల పట్టి లాగితే కొంచెం సాగుతుంది. ఎందుకంటే నేతలో రెండు వరుసల దారాలు ఒకదానికొకటి అడ్డంగా, బిగువుగా ఉంటాయి. నిలువు దారం పడుగు, అడ్డ దారం పేక. లాగినప్పుడు మీరు లాగేది తిన్నని దారాన్నే కాబట్టి అది సాగడానికి చోటు లేదు. ఇప్పుడు బనియన్ ముక్కను లాగండి. రబ్బరులా సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. సైన్సు ల్యాబులోని భూతద్దం పెట్టి చూడండి. అందులో తిన్నని దారమే కనిపించదు, అన్నీ ఉచ్చులే. ప్రతి ఉచ్చూ దాని కింది ఉచ్చులో నుంచి దూరి పైకి వచ్చింది. లాగినప్పుడు ఆ వంపులు సాపు అవుతాయి, వదిలితే మళ్లీ గుండ్రం అవుతాయి. సాగడం దారం గుణం కాదు, వంపు గుణం. తలలో నుంచి దూర్చుకునే బనియన్‌కు బొత్తాలు ఎందుకు అక్కర లేదో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఊలు అల్లిక చలిదేశాల పని అని మనం అనుకుంటాం. కానీ ఇప్పటికి దొరికిన పాత అల్లిక నమూనాల్లో ముఖ్యమైనవి ఈజిప్టులో దొరికిన నూలు మేజోళ్లు. అవి మధ్యయుగాల నాటివి. ఎండదేశం, పత్తి దారం, నీలం తెలుపు రంగులు! ఆ తరువాత ఈ విద్య యూరపుకు చేరింది. అక్కడ చాలాకాలం మేజోళ్లు, టోపీలు అల్లే సంఘాల్లో ఉన్నవాళ్లు మగవాళ్లే. 1589లో విలియం లీ అనే ఇంగ్లండు మతగురువు మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. చేత్తో అల్లి బతికేవాళ్ల నోటి దగ్గర కూడు పోతుందని ఎలిజబెత్ రాణి దానికి హక్కుపత్రం ఇవ్వలేదని ఒక కథ చెబుతారు. మరమగ్గాలు వచ్చినప్పుడు చేనేతవాళ్ల ఇళ్లలో ఏమి మాట్లాడుకున్నారో మీ తాతలను అడిగితే, ఈ కథ కొత్తగా అనిపించదు. ఈనాడు మనకు దక్షిణంగా తమిళనాడులోని తిరుప్పూరు బనియన్లకు పెట్టింది పేరు. అక్కడి గుండ్రటి యంత్రాలు చేసేదీ విలియం లీ మొదలుపెట్టిన పనే, వేగంగా, గొట్టంలాగా చుట్టూ తిరుగుతూ. "ఇది ఆడవాళ్ల పని కదా సార్" అని అడిగే మగపిల్లలకు ఈ పేరా చాలు.

ఇక పనిలోకి వద్దాం. రెండు సూదులు, ఒక ఉండ కావాలి. మన బజారులో ఊలు పేరుతో దొరికేదాంట్లో చాలా భాగం గొర్రె బొచ్చు కాదు, ఆక్రిలిక్ దారం. నేర్చుకోవడానికి అది చాలు. లేత రంగు తీసుకోండి, నల్లదాని మీద కుట్లు కనిపించవు. సూదుల నంబర్లు మన దేశంలో పాత ఇంగ్లీషు పద్ధతిలో ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు అంటే 3.25 మిల్లీమీటర్లు. మొదటిసారికి 8 మంచిది.

అల్లికలో ఉన్నవి రెండే కుట్లు. మా వీధిలో హిందీ పేర్లతో సీదా, ఉల్టా అంటారు. సీదాకు దారం వెనక ఉండాలి. కుడి సూది మొనను ఎడమ సూది మీది మొదటి ఉచ్చులోకి ముందు నుంచి వెనక్కి దూర్చాలి. మొన చుట్టూ దారం ఒకసారి తిప్పి, ఆ దారాన్ని ఉచ్చులో నుంచి ముందుకు లాగాలి. పాత ఉచ్చును ఎడమ సూది నుంచి జార్చేయాలి. ఒక కుట్టు అయింది. ఉల్టాకు దారం ముందుకు తెచ్చుకుని, సూదిని వెనక నుంచి ముందుకు దూర్చి, దారం తిప్పి వెనక్కి లాగాలి. నిజానికి ఇవి రెండు కుట్లు కావు. ఒకే కుట్టు, ఈ పక్క నుంచి చూస్తే సీదా, ఆ పక్క నుంచి చూస్తే ఉల్టా. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా అల్లుతూ పోతే ఒకపక్క జడలాంటి వరుసలు, రెండోపక్క గింజల్లాంటి వరుసలు వస్తాయి. మీ బనియన్‌ను తిరగేసి చూడండి, అచ్చం అదే. ఈ అల్లిక అంచులు చాపలా చుట్టుకుపోతాయి. అన్ని వరుసలూ సీదానే అల్లితే గుడ్డ చుట్టుకోకుండా చదరంగా ఉంటుంది. అందుకే మొదటి మఫ్లరుకు అదే మేలు.

మొదలుపెట్టడానికి సూది మీద ఒక జారుముడి వేసి, అందులో సీదా కుట్టు వేసి, పాతది జార్చకుండా కొత్త ఉచ్చును ఎడమ సూదికే ఎక్కిస్తూ పోవాలి. ముగించేటప్పుడు రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించాలి. మధ్యలో ఉచ్చు జారి నిచ్చెనలా కిందికి దిగిపోతే ఏడుపు వద్దు. లేసు కొక్కెంతో ఒక్కో మెట్టు దారాన్నీ ఉచ్చులో నుంచి పైకి లాక్కుంటూ వస్తే మచ్చ కూడా మిగలదు.

ఇప్పుడు లెక్క. ఏదైనా మొదలుపెట్టే ముందు అరచేతి కంటే పెద్దగా ఒక మాదిరి గుడ్డ అల్లి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు ఉన్నాయో ఎంచాలి. 20 కుట్లు, 28 వరుసలు వచ్చాయనుకుందాం. 52 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న తలకు టోపీ కావాలి. సాగుతుంది కాబట్టి 48 సెంటీమీటర్లు చాలు. 48ని 2తో హెచ్చిస్తే 96 కుట్లు. టోపీ అంచుకు రెండు సీదా, రెండు ఉల్టా వేస్తాం కాబట్టి సంఖ్య 4తో భాగింపబడాలి. నడినెత్తి దగ్గర 8 చోట్ల కుట్లు తగ్గిస్తాం కాబట్టి 8తోనూ భాగింపబడాలి. 96 రెండింటికీ సరిపోతుంది. క.సా.గు. ఎందుకు పనికొస్తుంది అని ఎనిమిదో తరగతి పిల్లలు అడిగారు కదా, ఇందుకు! వరుస విడిచి వరుసలో 8 చొప్పున తగ్గిస్తే 11 సార్లలో 8 కుట్లు మిగులుతాయి. అంటే 22 వరుసలు, సుమారు 8 సెంటీమీటర్ల ఎత్తు. చెయ్యి బిగువై 20 బదులు 22 కుట్లు వస్తే ఏమవుతుంది? అవే 96 కుట్లకు టోపీ 44 సెంటీమీటర్ల లోపే ఆగిపోతుంది, పసిపిల్లకు తప్ప పట్టదు.

ఇంకో లెక్క ఉంది. దాన్ని అందరూ వదిలేస్తారు. 40 కుట్ల వెడల్పు, 140 సెంటీమీటర్ల పొడవు ఉన్న మఫ్లరుకు అదే కొలతతో 392 వరుసలు, 15,680 కుట్లు. నిమిషానికి 20 కుట్లు వేసినా 13 గంటల పని. నేను అల్లిన మఫ్లరు చూసి ఒకాయన 250 రూపాయలు ఇస్తానన్నాడు. ఊలుకే 130 అయింది. మిగిలిన 120ని 13తో భాగించండి. గంటకు 9 రూపాయల చిల్లర! "తీరిక వేళలో చేసేదే కదా" అన్నాడాయన.

ఈ మాట కొత్తది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు లేసు అల్లిక నేర్పారు. ఒకే కొక్కెం, నూలు దారం. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ మహిళల మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటిపనితోపాటు రోజుకు గంటల కొద్దీ లేసు అల్లుతున్నా, వాళ్లను కార్మికులుగా కాక ఇంట్లో కూర్చుని పొద్దుపుచ్చే గృహిణులుగా లెక్కగట్టడం వల్లనే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చెప్పింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు గుర్తింపు రావడం మంచిదే. అల్లే చేతులకు ఎంత ముడుతుందనేది మాత్రం వేరే లెక్క, అది ఇంకా తేలాల్సి ఉంది. అందుకే మీలో ఎవరైనా అల్లి అమ్మాలనుకుంటే ముందు గంటలు రాసిపెట్టుకోండి. మరమగ్గం దగ్గర మీ నాన్న మీటరు లెక్క రాసుకుంటాడు కదా, అలాగే. మీ అక్కకో తమ్ముడికో అల్లి ఇస్తే మటుకు గంటలు ఎంచకండి.

నా దగ్గర ప్రస్తుతం మూడు పనులు నడుస్తున్నాయి. ఒకదానితో విసుగు వస్తే రెండోది పట్టుకుంటాను. మొదటిది వాచ్‌మన్ తాతకు ధనుర్మాసం చలికి టోపీ, పైన చెప్పిన 96 కుట్లదే. రెండోది జడ అల్లిక వేసిన స్వెట్టరు ముందుభాగం. జడకు కొత్త కుట్టేమీ లేదు. ఆరు కుట్లలో మొదటి మూడింటిని విడి సూది మీదికి తీసి గుడ్డకు ముందు ఉంచి, తరువాతి మూడు అల్లి, ఆపైన విడి సూది మీదివి అల్లాలి. జడ ఎడమకు తిరుగుతుంది. విడి సూదిని వెనక ఉంచితే కుడికి తిరుగుతుంది. కుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి కాబట్టి గుడ్డ వెడల్పు తగ్గుతుంది, ఆ మేరకు కుట్లు ముందే ఎక్కువ వేసుకోవాలి.

మూడోది మేజోడు. నాకు దాని మడమే అసలైన పాఠం. గొట్టంలా దిగుతున్న అల్లిక అక్కడ ఎల్ ఆకారంలో ఎలా మలుపు తిరుగుతుంది? 60 కుట్లలో 30ని పక్కన ఉంచి, మిగిలిన 30 మీద మాత్రమే ముందుకూ వెనక్కూ 30 వరుసలు అల్లాలి. ప్రతి వరుసలో మొదటి కుట్టును అల్లకుండా జరిపితే రెండు అంచుల్లోనూ 15 చొప్పున ఉచ్చులు నిలబడతాయి. తరువాత వరుస చివరిదాకా పోకుండా మధ్యలోనే వెనక్కి తిరుగుతూ, ప్రతి మలుపు దగ్గరా రెండు కుట్లు కలిపేస్తూ ఉంటే గుడ్డ దానంతట అదే గిన్నెలా గుంట పడుతుంది. ఆ అంచుల్లోని 15, 15 ఉచ్చులను సూదికి ఎత్తుకుని, పక్కన ఉంచిన 30తో కలిపి మళ్లీ గుండ్రంగా సాగాలి. ఒక మేజోడు పూర్తయింది. రెండోదానికి మడమ గుంట పడింది, ఉచ్చులు ఎత్తుకోవాలి. ఆదివారం సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక భోజనాల హాలులో ఆ పని చేస్తాను. చూడాలనుకునేవాళ్లు రావచ్చు. నా దగ్గర 8వ నంబరు సూదులు నాలుగు జతలు ఉన్నాయి.